పేగుతో కట్టిన బ్లాడర్: ఆపరేషన్ తర్వాత అందరూ అడిగే ప్రశ్నలు

బ్లాడర్ క్యాన్సర్ కండరం దాకా దిగితే చాలామందికి మూత్రాశయం మొత్తం తీసేయాల్సి వస్తుంది. తీసేసిన చోటే, రోగి సొంత పేగుతో ఇంకో సంచి కట్టి మూత్రనాళానికి, అంటే యూరిన్ బయటికి వచ్చే దారికి, కుట్టడాన్ని నియోబ్లాడర్ అంటారు. ఆపరేషన్‌కు ముందు అందరూ అడిగేది క్యాన్సర్ గురించే. ఇంటికి వెళ్ళాక వచ్చే ఫోన్లు మాత్రం వేరు: పక్క తడుస్తోంది, యూరిన్‌లో జిగురు పోతోంది, నీరసంగా ఉంది, ల్యాబ్ వాళ్ళు చీము కణాలు ఉన్నాయన్నారు. యూరాలజీ వార్డులో రోగులకూ ఇంటివాళ్ళకూ ఇవన్నీ విడమరిచి చెప్పడమే నా పని కనుక, ఎక్కువగా వినేవాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఒక్క సంగతి గుర్తుంటే సగం జవాబులు మీకే తడతాయి: ఈ సంచి చేసేది బ్లాడర్ పనే అయినా, బుద్ధి మాత్రం పేగుదే.

అసలు దీన్ని ఎలా కడతారు?

చిన్న పేగు చివరి భాగం పేరు ఇలియం. అందులోంచి సుమారు 50, 60 సెంటీమీటర్ల ముక్కను, దానికి రక్తం తెచ్చే నాళాలు తెగకుండా, విడదీస్తారు. మిగిలిన పేగు రెండు కొసలనూ కలిపి కుట్టేస్తారు, తిన్నది ఎప్పటిలాగే ఆ దారిన పోతుంది. పెద్ద పేగుకు ఆనుకుని ఉండే ఆఖరి 15, 20 సెంటీమీటర్ల జోలికి మాత్రం పోరు. బి12 విటమిన్ ఒంటికి పట్టేది అక్కడే.

విడదీసిన ముక్కను గొట్టంగా అలాగే వాడరు. నిలువునా చీల్చి, పరిచి, మడిచి, గుండ్రటి సంచిలా కుడతారు. పేగుకు తెలిసిన పని లోపల ఉన్నదాన్ని ముందుకు నెట్టడం. గొట్టంగానే ఉంచితే దాని కండరాల వలయాలు ఒకదాని వెంట ఒకటి బిగుసుకుని యూరిన్‌ను తోసేస్తాయి, మనిషి ఆపుకోలేడు. ఫ్రాన్స్‌లో మారిస్ కామే తొలిరోజుల్లో పేగును చీల్చకుండా వాడినప్పుడు తేలింది ఇదే. చీలిస్తే ఆ వలయాలు తెగిపోతాయి. ఇంకో లాభం లెక్కలోనే ఉంది: రెండింతలు వెడల్పు, సగం పొడవు ఉన్న సంచిగా కుడితే అదే పేగు ముక్కలో రెట్టింపు యూరిన్ పడుతుంది, పైగా లోపలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది. ఒత్తిడి తక్కువైతే కిడ్నీల మీదికి వెనక్కి తన్నదు.

1980ల్లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఉర్స్ స్టూడర్, జర్మనీలోని ఉల్మ్‌లో రిచర్డ్ హౌట్‌మన్ చెరో పద్ధతి రూపొందించారు. డిశ్చార్జి కాగితంలో ఈ రెండు పేర్లలో ఒకటి కనిపిస్తే అది రోగం పేరేమోనని కంగారు పడకండి, కుట్టిన తీరు పేరు అది. స్టూడర్ పద్ధతిలో పైభాగాన కొంత పేగును గొట్టంగానే వదిలి, కిడ్నీల నుంచి వచ్చే నాళాలను దానికి కలుపుతారు. హౌట్‌మన్ పద్ధతిలో పేగును ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా మడుస్తారు.

మా నాన్నకు పొట్ట మీద బ్యాగ్ పెట్టారు. పక్క బెడ్ ఆయనకు మాత్రం లోపలే కట్టారట. మాకు ఎందుకు చేయలేదు?

ఈ ప్రశ్నలో డబ్బు అనుమానం, చిన్నచూపు అనుమానం రెండూ ఉంటాయని నాకు తెలుసు. కారణం చాలాసార్లు కిడ్నీలే. పేగు సంచి యూరిన్‌లోని కొన్ని పదార్థాలను తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది. ఆ అదనపు భారం మోయడానికి కిడ్నీలు గట్టిగా ఉండాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువగా ఉన్నా, కాలేయం బాగా దెబ్బతిన్నా, క్యాన్సర్ మూత్రనాళం కోసిన అంచు దాకా ఉన్నా ఇది చేయరు. పేగుకే జబ్బు ఉన్నవారికీ, అవసరమైతే యూరిన్ తీసే సన్నటి పైపు తన చేత్తో తాను వేసుకోలేనివారికీ కూడా సర్జన్లు వద్దంటారు.

యూరిన్‌ను చిన్న పేగు ముక్క ద్వారా పొట్ట మీది బ్యాగ్‌లోకి మళ్ళించే పద్ధతి 1950లో అమెరికాలో యూజీన్ బ్రికర్ వివరించినది. కుట్లు తక్కువ, ఇంటికి వెళ్ళాక నేర్చుకోవాల్సిందీ తక్కువ. వయసు మళ్ళి, వేరే జబ్బులు కూడా ఉన్నవారికి బ్యాగే సుఖమని నా అభిప్రాయం. నియోబ్లాడర్ అంటే మొదటి ఏడాది దాదాపు ఒక ఉద్యోగం.

పైపు ఎప్పుడు తీస్తారు?

ఆపరేషన్‌లో సంచిలోకి వేసిన యూరిన్ పైపును (క్యాథెటర్) సాధారణంగా రెండు, మూడు వారాలకు తీస్తారు. చాలాచోట్ల ముందు రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, కుట్లు లీకు కావడం లేదని చూసుకున్నాకే తీస్తారు. పైపు ఉన్నన్నాళ్ళూ 50 మిల్లీలీటర్ల సిరంజితో సెలైన్ ఎక్కించి, పేగు తయారుచేసే జిగురును బయటికి లాగి కడుగుతుంటారు. ఇంటికి పైపుతోనే పంపితే ఈ కడగడం మీ ఇంట్లో ఒకరు వార్డులోనే నర్సు ముందు చేసి చూపించి వెళ్ళాలి. సిరంజిని బలంగా నొక్కకూడదు. పైపులోంచి యూరిన్ రావడం ఆగి పొట్ట బిగిస్తే జిగురు అడ్డం పడిందనే ముందు అనుకోవాలి.

యూరిన్ వస్తున్నట్టు తెలుస్తుందా?

పాతలా తెలియదు. పాత బ్లాడర్ గోడలో నరాలు ఉండేవి, నిండగానే మెదడుకు కబురు పంపేవి. పేగుకు ఆ కబురు పంపడం రాదు. కొన్ని నెలలకు పొత్తికడుపులో బరువుగానో, గ్యాస్ పట్టినట్టుగానో ఒక గుర్తు కొందరికి అలవాటవుతుంది. కొందరికి అదీ ఉండదు. కాబట్టి గడియారం చూసే వెళ్ళాలి.

పైపు తీసిన కొత్తలో పగలు రెండు గంటలకోసారి, రాత్రి అలారం పెట్టుకుని రెండు, మూడు గంటలకోసారి. అప్పుడు సంచిలో 150 మిల్లీలీటర్లు పట్టడమే గొప్ప. తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం రెండున్నర గంటలు, మూడు, చివరికి నాలుగు. కొద్దిగా లీకైనా సరే ఆ గడువు దాకా ఆపడం వల్లే సంచి సాగుతుంది. లీకవుతోందని గంటకోసారి వెళ్ళేవాళ్ళ సంచి చిన్నదిగానే ఉండిపోతుంది, లీకూ తగ్గదు. చేరుకోవాల్సిన కొలత 400 నుంచి 500 మిల్లీలీటర్లు. అంతకు మించి సాగనివ్వకూడదు. అతిగా సాగిన సంచి వదులైపోయి ఖాళీ కాదు. కొలతల గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్‌రూంలో పెట్టుకుని, టైమూ కొలతా ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఓపీలో మీరు చెప్పే పది మాటలకన్నా ఆ పుస్తకం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

మరి పోయడం ఎలా? సంచి దానంతట అది బిగుసుకోదు కదా?

బిగుసుకోదు. రెండు పనులు మీరు చేయాలి. మొదట కింది కండరాలను పూర్తిగా వదులు చేయడం, ఆ తర్వాత పొట్టతో నెమ్మదిగా ముక్కడం. క్రమం తప్పితే, అంటే కింద బిగబట్టి పైన ముక్కితే, చుక్క కూడా రాదు. పొత్తికడుపు మీద అరచేయి పెట్టి కొంచెం ముందుకు వంగితే సాయంగా ఉంటుంది.

మగవాళ్ళు కూడా కూర్చునే పోయాలి. నిలబడి వెళ్ళే అలవాటున్న పెద్దవాళ్ళకు ఇది మొదట్లో చిన్నతనంగా అనిపిస్తుంది. కమోడ్ మీద పాదాలు నేలకు ఆనేట్టు కూర్చుంటే కండరాలు బాగా వదులవుతాయి. ఆపరేషన్ కొత్తలో గొంతుక్కూర్చోవడం కష్టం కనుక, ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఒక్కటే ఉంటే కమోడ్ కుర్చీ అద్దెకైనా తెచ్చుకోండి. ఒకసారి పోశాక లేచి రెండు నిమిషాలు తిరిగి మళ్ళీ కూర్చోండి, మిగిలింది వస్తుంది.

కింది కండరాలు బిగించే వ్యాయామం ఆపరేషన్‌కు ముందే మొదలుపెడితే మంచిది. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ పోకుండా బిగబడతాం కదా, ఆ కండరమే. పొట్ట, తొడలు, పిరుదులు కదలకూడదు. లోపల పైపు ఉన్న రోజుల్లో మాత్రం చేయకండి.

పగలు బాగానే ఉంది. రాత్రి పక్క తడుస్తోంది. ఆపరేషన్ పాడైందా?

లేదు. పగటి అదుపు ముందు వస్తుంది. మూడు నుంచి ఆరు నెలల్లో బాగా మెరుగుపడి, ఏడాది తిరిగేసరికి పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి పగలు పొడిగా ఉంటుంది. రాత్రిది ఆలస్యం. రెండేళ్ళ దాకా మెరుగుపడుతూ ఉండొచ్చు. అయిదుగురిలో ఒకరికో ఇద్దరికో రాత్రి ఎంతో కొంత తడవడం మిగిలిపోతుంది కూడా. ఇది ఆపరేషన్‌కు ముందే చెప్పాల్సిన మాట. చెప్పకపోతే రోగి తనలోనే తప్పు వెతుక్కుంటాడు.

కారణాలు రెండు. పాత బ్లాడర్ నిండుతున్నకొద్దీ, మనం నిద్రలో ఉన్నా, వెన్నుపాము ద్వారా కింది కవాటానికి, అంటే యూరిన్‌ను ఆపే కండరానికి, బిగించమని సందేశం పోయేది. బ్లాడర్‌తోపాటే ఆ సందేశమూ పోయింది. నిద్రలో కండరాలు సడలితే కవాటమూ సడలుతుంది. రెండోది చాలామందికి తెలియని సంగతి. రాత్రి కిడ్నీలు చిక్కటి యూరిన్ తయారుచేస్తాయి. చిక్కటిది ఏది తగిలినా పలుచన చేయడం పేగు నైజం. ఒంట్లోని నీటిని లోపలికి వదులుతుంది. దాంతో కిడ్నీలు పంపినదానికన్నా సంచిలో ఎక్కువ చేరుతుంది.

చేయగలిగినవి: సాయంత్రం ఆరు, ఏడు తర్వాత నీళ్ళు తగ్గించండి, ఆ కోటా పగలే తాగేయండి. రాత్రి కాఫీ, టీ, మద్యం వద్దు. పడుకునే ముందు రెండుసార్లు ఖాళీ చేయండి. అలారం మానకండి. నిద్రమాత్ర అలవాటుంటే డాక్టరుకు చెప్పండి, అది కవాటాన్ని ఇంకా సడలించవచ్చు. అన్నీ మొదట్లో డైపర్ వేసుకుని నేర్చుకునేవే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇంట్లో భార్యో కోడలో దుప్పట్లు ఉతుకుతూ విసుక్కుంటే, ఈ పేరా చదివి వినిపించండి.

యూరిన్‌లో తెల్లటి జిగురు తెరలు పోతున్నాయి.

పేగు లోపలి పొర పుట్టినప్పటి నుంచీ జిగురు చేస్తూనే ఉంది, సంచిగా మారినా మానదు. నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. రోజుకు రెండు నుంచి మూడు లీటర్లు నీళ్ళు తాగితే పలుచబడి దానంతట అది పోతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ కావాలి. గుండె జబ్బుకు నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు మాత్రం ఇద్దరు డాక్టర్లనూ అడిగి లెక్క తేల్చుకోవాలి. ధార ఆగి ఆగి వస్తే లేచి నడిచి, దగ్గి, మళ్ళీ ప్రయత్నించండి. జిగురు పేరుకుపోతే దాని చుట్టూ రాళ్ళు కూడా కట్టవచ్చు.

బాగానే కోలుకున్నాడు, ఇప్పుడు తిండి సహించడం లేదు, మనిషి వాలిపోతున్నాడు. రక్తం తక్కువైందా?

కావచ్చు, కానీ ముందు చూడాల్సింది రక్తంలో ఆమ్లం. పైపు తీసిన తొలి వారాల్లో ఇది మరీ ముఖ్యం. యూరిన్‌లో ఉన్న అమ్మోనియంను, క్లోరైడ్‌ను పేగు గోడ పీల్చి రక్తంలో కలుపుతుంది, బైకార్బొనేట్‌ను బయటికి వదిలేస్తుంది. రక్తం ఆమ్లం వైపు మొగ్గుతుంది. లక్షణాలు ఏ జబ్బుకైనా సరిపోయేట్టు ఉంటాయి: నీరసం, వికారం, అన్నం చూస్తే వెగటు, వాంతులు, ఆయాసం, బరువు తగ్గడం. అందుకే చాలాసార్లు గ్యాస్ మాత్రలతో, సెలైన్ బాటిళ్ళతో రోజులు గడిచిపోతాయి. బైకార్బొనేట్, క్లోరైడ్, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయిస్తే తేలిపోతుంది. సోడియం బైకార్బొనేట్ మాత్రలతో సర్దుకుంటుంది. వంటసోడా కలుపుకుని సొంతంగా తాగడం మాత్రం వద్దు, మోతాదు రిపోర్టు చూసి వేయాల్సిందే.

ఉప్పు సంగతీ ఇక్కడే చెప్పాలి. కొత్త సంచి తొలిరోజుల్లో ఒంట్లోని ఉప్పును కూడా యూరిన్‌లోకి వదులుతుంది, దానితో నీరూ పోతుంది. అందుకే సర్జన్ కొన్నాళ్ళు ఉప్పు కాస్త ఎక్కువే తినమంటాడు. అదే మనిషికి బీపీ డాక్టరు ఏళ్ళ తరబడి ఆవకాయ మానమని చెప్పి ఉంటాడు. ఇంట్లో రెండు వర్గాలవుతాయి. ఎవరి మాట వినాలో బీపీ కొలత, సోడియం రిపోర్టు చూసి సర్జనే చెప్పాలి. మీరు చేయాల్సింది రోజూ పొద్దున బరువు చూసుకోవడం. కొద్దిరోజుల్లోనే రెండు, మూడు కిలోలు తగ్గితే ఫోన్ చేయండి, వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

ప్రతి యూరిన్ టెస్టులోనూ చీము కణాలు, బ్యాక్టీరియా అంటున్నారు. యాంటీబయాటిక్ వేసుకోవాలా?

పేగు గోడ రాల్చే కణాలు, జిగురు కలిసిన యూరిన్ ఎప్పుడూ నిర్మలంగా కనిపించదు. బ్యాక్టీరియా కూడా చాలామందిలో ఊరికే ఉంటుంది. జ్వరం, చలి, నడుం నొప్పి, ఒక్కసారిగా లీకు పెరగడం, యూరిన్ దుర్వాసన కొట్టడంతో పాటు ఒంట్లో బాగోకపోవడం, ఇలాంటివి ఉంటేనే మందు. రిపోర్టు కాగితానికి మందు వేయడం మొదలుపెడితే నిజంగా అవసరమైన రోజున పనిచేసే యాంటీబయాటిక్ మిగలదు.

పోసినా ఇంకా మిగిలిపోతోందని స్కాన్‌లో వచ్చింది.

కొంతమందికి ఆపుకోలేకపోవడం కాదు, రాకపోవడమే సమస్య అవుతుంది. ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. వెనక ఆసరాగా ఉండే గర్భాశయం కూడా తీసేయడంతో సంచి వెనక్కి వాలి, దారి మడతపడటం ఒక కారణం. మిగిలేది 100 మిల్లీలీటర్ల లోపైతే సాధారణంగా పట్టించుకోరు. ఎక్కువైతే రోజుకు కొన్నిసార్లు సన్నటి పైపు తానే వేసుకుని ఖాళీ చేసి తీసేయాలి.

విన్నప్పుడు అందరూ భయపడతారు. నేర్చుకున్నాక అయిదు నిమిషాల పని. ఆపరేషన్ థియేటర్ అంత శుభ్రత అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలని 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ చూపించాడు. పైపుకు జెల్లీ రాసి, ఆడవాళ్ళు మొదట్లో చిన్న అద్దం సాయంతో, నెమ్మదిగా వేయాలి. అడ్డం తగిలితే బలం పెట్టకుండా ఆగి, ఊపిరి వదిలి మళ్ళీ చూడాలి.

ఆడవాళ్ళు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. యోని నుంచి రాత్రీ పగలూ ఆగకుండా యూరిన్ కారుతుంటే అది మామూలు లీకు కాదు, రెండింటి మధ్య దారి ఏర్పడి ఉండొచ్చు. వెంటనే చూపించాలి.

ఏ నొప్పీ లేదు. ఇంకా స్కాన్‌లు ఎందుకు?

కిడ్నీ నాళం సంచికి కలిసే చోట మెల్లగా ఇరుకైపోతే నొప్పి రాకుండానే కిడ్నీ దెబ్బతింటుంది. చాలాసార్లు స్కాన్‌లోనే బయటపడుతుంది. పైగా క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడాలి. మిగిలిన మూత్రనాళంలో కూడా అది రావచ్చు కనుక యూరిన్‌లో రక్తం కనబడితే ఆ వారమే రండి. పేగు ఆఖరి భాగాన్ని ముట్టకపోయినా, బి12 పరీక్ష కూడా ఏటా చేయించమంటారు. కాలేయంలో నిల్వ ఉంటుంది కనుక లోటు మూడు నుంచి అయిదేళ్ళకు గానీ బయటపడదు, అప్పుడు అరికాళ్ళ తిమ్మిర్లను అందరూ షుగర్ మీదికి తోసేస్తారు. బీడీ, సిగరెట్ ఇంకా మానలేదంటే, స్కాన్‌ల ఖర్చు సగం దండగే.

భార్యాభర్తల సంబంధం?

మగవారిలో ప్రొస్టేట్, వీర్యకోశాలు కూడా తీసేస్తారు కనుక వీర్యం రాదు, పిల్లలు పుట్టే అవకాశం సహజంగా ఉండదు. అంగస్తంభన నరాలను కాపాడగలిగారా లేదా అనేదాన్ని బట్టి ఉంటుంది. కాపాడినా తిరిగి రావడానికి నెలలు పడుతుంది. మాత్రలు, ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆడవారికి యోని ముందు గోడ తీసి ఉంటే పొట్టిగా, పొడిగా అనిపిస్తుంది, దానికీ మార్గాలున్నాయి. మీ డాక్టరు ఎత్తకపోతే మీరే అడగండి. కలయికకు ముందు సంచి ఖాళీ చేసుకోండి.

ఉపవాసాలు, ప్రయాణాలు?

నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం వద్దు, ఏకాదశి అయినా రోజా అయినా. నీరు తగ్గితే జిగురు చిక్కబడుతుంది, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. పండ్లరసాలు, మజ్జిగతో ఉండే ఉపవాసమైతే డాక్టరును అడిగి చేసుకోవచ్చు. బస్సు ప్రయాణంలో తాగడం మానేసి సర్దుకోవడం చాలామంది చేసే తప్పు. ఆగే చోటు చూసుకుని బయల్దేరండి, వీలైతే రైలు ఎక్కండి. తిరుమల సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది. అక్కడ టాయిలెట్లు ఉంటాయి, అయినా ఫోన్‌లో అలారం మానకండి.

వేరే జబ్బుల మందులతో ఇబ్బందా?

యూరిన్‌లోకి వచ్చిన మందును పేగు మళ్ళీ పీల్చుకోగలదు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్, మానసిక వైద్యంలో వాడే లిథియం విషయంలో ఇది ముఖ్యం. షుగర్‌ను యూరిన్ పట్టీతో చూసుకోకండి, రక్తంలోనే చూడాలి.

పేగు అక్కర్లేకుండా ల్యాబ్‌లో బ్లాడర్ పెంచుతున్నారట కదా?

2006లో అమెరికాలో ఆంథొనీ అటాలా బృందం రోగుల సొంత కణాలతో పెంచిన కణజాలాన్ని అమర్చిన ఫలితాలు ప్రచురించింది. అది పుట్టుకతో వెన్నుపాము లోపం ఉన్న చిన్నవయసు వాళ్ళకు, ఉన్న బ్లాడర్‌ను పెద్దది చేయడానికి. క్యాన్సర్‌కు కాదు. 2025 మేలో లాస్ ఏంజలెస్‌లో మనిషికి తొలిసారి బ్లాడర్ మార్పిడి చేశారు, కిడ్నీతో కలిపి. మార్పిడి అంటే జీవితాంతం రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి, క్యాన్సర్ వచ్చినవారికి అది చిన్న విషయం కాదు. ఇప్పటికి పేగే గతి.

మా ఊళ్ళో డాక్టరుకు ఈ ఆపరేషన్ గురించి తెలియకపోతే?

పర్సులో ఒక కార్డు పెట్టుకోండి. తెలుగులో మీకోసం, ఇంగ్లిష్‌లో డాక్టరు కోసం. పైన సర్జన్ ఫోన్ నంబరు, ఆపరేషన్ తేదీ రాసి, కింద ఈ నాలుగు ముక్కలు రాయించండి.

నాకు పేగుతో చేసిన బ్లాడర్ ఉంది. స్కాన్ కోసం నీళ్ళు తాగించి యూరిన్ వచ్చేదాకా కూర్చోబెట్టకండి, నాకు వస్తున్నట్టు తెలియదు, అతిగా నిండిపోతుంది. యూరిన్ ఆగిపోతే పైపు మెల్లగా వేసి, జిగురును సెలైన్‌తో కడగండి. ఒక్కసారిగా తీవ్రమైన కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం వచ్చి యూరిన్ తగ్గితే సంచి పగిలిందేమో చూడండి, గ్యాస్ అని ఇంటికి పంపకండి.